ఎసట్లో పడని బియ్యం



రాణీ బుచ్చి సీతాయమ్మ గారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. పెద్దాపురంలో ఆ పేరు తెలియనివాళ్ళు ఉండరు. మహారాణి కాలేజీ ఆమె పేరు మీదిదే. ఇక్కడా, కత్తిపూడిలోనూ ఉన్న అన్నసత్రాలు ఆమె పేరు మీదివే. వత్సవాయి వారి సంస్థానం పోయింది, ఏనుగులూ గుర్రాలూ పోయాయి, సత్రం పేరు మిగిలింది. నేను ప్రొడక్షన్ ఇంజనీరింగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. స్టాప్‌వాచీ పట్టుకు తిరిగేవాడికి ఒక రాణిగారి సంస్మరణ సభలో ఏం పని అని నాకూ సందేహం వచ్చింది. సత్రం గుర్తొచ్చాక ఆ సందేహం పోయింది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

1

సత్రం వంటవాడి కష్టం ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఇవాళ ఎందరొస్తారో అతనికి తెలీదు. కత్తిపూడి పెద్ద రస్తా మీది ఊరు. అన్నవరం కొండకి వెళ్ళేవాళ్ళు, విశాఖ వైపు పోయేవాళ్ళు, రాజమండ్రి వైపు వచ్చేవాళ్ళు అందరికీ దారి అదే. అలాంటి చోట ఒకనాడు ఇరవై విస్తళ్ళు లేస్తే మర్నాడు రెండొందలు లేవచ్చు. ఎక్కువ వండితే అన్నం పాచిపోతుంది. తక్కువ వండితే వచ్చినవాడు ఆకలితో వెనక్కి పోతాడు. అన్నసత్రానికి అంతకన్నా అప్రతిష్ఠ లేదు.

మా పుస్తకాల్లో దీన్ని పేపర్లమ్మే కుర్రాడి లెక్క అంటారు. పొద్దున్నే ఎన్ని పేపర్లు కొనాలి? మిగిలితే చిత్తుకాగితం, చాలకపోతే పోయిన బేరం. దాని మీద పేజీలకు పేజీలు సూత్రాలున్నాయి, నేనూ బోధించాను. కానీ మా చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళకి వండే ఒకాయన ఏ సూత్రం లేకుండానే ఆ లెక్క తేల్చేవాడు. మొదటి గుండిగ దించగానే రెండోది పొయ్యి మీదికెక్కించి ఎసరు పెట్టేవాడు. బియ్యం కొలిచి పక్కన ఉంచేవాడు కానీ పోసేవాడు కాదు. పందిట్లో తలలు లెక్కపెట్టొచ్చిన కుర్రాడి మాట విన్నాకే పోసేవాడు. జనం రాకపోతే పోయేవి కాసిని కట్టెలు, కాసిని నీళ్ళు. బియ్యం బియ్యంగానే ఉండేవి.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గుండిగలోనే ఉంది. లారీ దారిలో ఆగిపోతేనో, ఓడ రాకపోతేనో ముప్పు వచ్చిందంటాం. ఆ ముప్పు అంతకు చాలా ముందే వచ్చి కూర్చుంటుంది. ఏం సరుకు చెయ్యాలి, ఏ ముడిసరుకుతో చెయ్యాలి, ఏ దశలో దాని రూపం ఖాయమైపోవాలి అని కాగితం మీద తీర్మానించిన రోజునే వస్తుంది. లారీ ఆగిన రోజున మనకి కనపడుతుంది, అంతే. అందుకే సరుకు రూపొందించేవాళ్ళనీ, సరఫరా చూసేవాళ్ళనీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

2

మన మెట్ట సరుకునే తీసుకుందాం. సగ్గుబియ్యం.

పేరుకే అది బియ్యం. సగ్గు అన్నది మలయా నుంచి వచ్చిన మాట. అక్కడ ఒక తాటిజాతి చెట్టు మానులోంచి తీసిన పిండితో ఆ పూసలు చేసేవారు. అవి ఓడలెక్కి మన దేశానికి వచ్చేవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను చేతికి చిక్కింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, ఇక్కడికి కూతవేటు దూరంలోని కాకినాడ మీదా బాంబులు వేశాయి. (మీ తాతగార్లని అడిగితే చెప్పేవారు. ఇప్పుడు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.) సముద్రం మీద దారి మూసుకుపోయింది.

1943లో సేలంలో మాణిక్కం చెట్టియార్ అనే వర్తకుడు, పెనాంగులో ఆ పని తెలిసి వచ్చిన పోపట్‌లాల్ షా సాయంతో కర్రపెండలం పిండితో సగ్గుబియ్యం చెయ్యడం మొదలుపెట్టాడు. దుంప మన దేశానికి కొత్త కాదు. పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. తిరువాన్కూరులో 1880ల్లో విశాఖం తిరునాళ్ మహారాజు కరువుకి ఆసరాగా దాన్ని పట్టుబట్టి వ్యాపింపజేశాడు. బర్మా బియ్యం ఆగిపోయిన యుద్ధకాలంలో అక్కడి జనం ఆ దుంప తినే బతికారు. సేలం దాన్ని పూసగా మార్చింది. ఆ తర్వాత ఈ పరిశ్రమ మన వైపు, కాలవ నీళ్ళందని ఎర్రనేలలకి వచ్చింది. పెద్దాపురం, రంగంపేట, గండేపల్లి, జగ్గంపేట, ఏలేశ్వరం, ప్రత్తిపాడు చేలల్లో దుంప, సామర్లకోట పెద్దాపురం చుట్టూ మిల్లులు.

సరిగ్గా ఆ యుద్ధపు రోజుల్లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో లారెన్స్ మైల్స్ అనే ఇంజనీరు ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్నాడు. యుద్ధం వల్ల రాగి దొరకదు, నికెల్ దొరకదు. అప్పుడతను వస్తువు పేరు పక్కనపెట్టి రెండు ప్రశ్నలు వేశాడు. ఇది చేసే పనేమిటి? ఆ పని ఇంకేది చెయ్యగలదు? అదే తర్వాత వాల్యూ అనాలిసిస్ అనే శాస్త్రమైంది. సేలం వర్తకుడు మైల్స్ పేరు విని ఉండడు, అయినా వేసింది అదే ప్రశ్న. కొనేవాడికి కావలసింది తెల్లటి పూస. అది ఏ చెట్టుదో వాడికెందుకు?

అయితే ఒక మెలిక ఉంది. ఓడ ముప్పు పోయింది, దాని చోట్లో దుంప ముప్పు వచ్చింది. ఒకే దుంప, ఒకే సీజను, ఒకే పూస. కొనేవాళ్ళు కూడా ఎక్కువమంది ఒకే రకం. మహారాష్ట్ర, గుజరాత్ వైపు ఏకాదశికీ శివరాత్రికీ నవరాత్రులకీ ఉపవాసముండి సాబుదానా కిచిడీ తినేవాళ్ళు. వాళ్ళ పంచాంగం మన మిల్లు ఖాతాని నడుపుతుంది.

3

కొన్నేళ్ళ కిందట ఒక మిల్లులో తెల్లారగట్ట నుంచి గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ఊరూ పేరూ చెప్పను. గిల్‌బ్రెత్ దంపతులు 1921లో లోకానికి చూపిన ఫ్లో చార్టే నా పనిముట్టు. ఇప్పుడు దానిలో అయిదు గుర్తులు వాడతాం. పని జరిగితే గుండ్రం. సరుకు కదిలితే బాణం. పరీక్షిస్తే చదరం. ఊరికే ఆగితే ఇంగ్లీషు డి అక్షరం. నిల్వ చేస్తే తలకిందుల త్రికోణం. అంతే విద్య. పదో తరగతి పిల్ల కూడా గీయగలదు.

ఈ చార్టుని మిల్లు గేటు దగ్గర మొదలుపెడితే తప్పు, చేలో మొదలుపెట్టాలి. దుంప తవ్విన రెండు మూడు రోజుల్లో లోపల నీలిచారలు తేలతాయి, ఇక పిండి నాణ్యం పోతుంది. అంటే గడియారం మొదలయ్యేది గునపం దిగినప్పుడే. అక్కణ్ణుంచి ట్రాక్టరు, కాటా, గేటు ముందు వరస. తర్వాత కడగడం, తొక్క తియ్యడం, రోలరు మీద అరగదియ్యడం, జల్లెళ్ళ మీద నీళ్ళు పోసి పిండిపాలు ఒకవైపు పిప్పి ఒకవైపు విడగొట్టడం. పాలు తొట్లో తేరాలి. అడుగున గట్టిపడిన ముద్దని తవ్వి, చిదిపి, గుడ్డలో పోసి ఊపితే పూస కడుతుంది. జల్లించి, నూనె రాసిన పెనాల మీద వేయించి, కళ్ళంలో ఆరబోసి, పాలిష్ పట్టి బస్తాకెత్తాలి. నూరు కిలోల దుంపకి చివర మిగిలేది ఇరవై నుంచి పాతిక కిలోలు.

రోజంతా గీశాక కాగితం చూసుకుంటే గుండ్రాల కాలమంతా కలిపి కొద్ది గంటలే. మిగతాదంతా డీలూ త్రికోణాలూ. గేటు దగ్గర ట్రాక్టరు ఆగడం, తొట్లో పాలు తేరడం, కళ్ళంలో పూస ఆరడం.

ఆ మిల్లు యజమాని అంతకు ముందు ఏడే అప్పు చేసి పెద్ద రోలరు కొన్నాడు. గంటకి ఎక్కువ దుంప అరుగుతోంది. తొట్లు మాత్రం పాతవే. అరిగిన పాలు చోటులేక ఆగుతున్నాయి, ఆగినవి పులుస్తున్నాయి, పులిసిన పిండి పూస రంగు తగ్గుతోంది, రంగు తగ్గితే బేరగాడు ధర తగ్గిస్తున్నాడు. "మెషీను పెద్దది కొన్నాక నష్టం పెరిగిందేమిటండీ మాస్టారూ!" అన్నాడాయన. ఇరుకు ఒకచోట ఉంటే వెడల్పు వేరేచోట చేశాడు. రోడ్డు వెయ్యడంలో మన ప్రభుత్వాలు కూడా చేసే పని ఇదే కాబట్టి ఆయన్ని తప్పుపట్టను.

తొట్లు కట్టించాడనుకోండి. అప్పుడు ఇరుకు కళ్ళానికి జరుగుతుంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన చిన్న లెక్క ఒకటుంది. లోపలున్న సరుకు అంటే, రోజూ వచ్చే సరుకుని అది అక్కడ ఉండే రోజులతో హెచ్చవేసినంత. రోజుకి 10 టన్నుల పూస వస్తోందనుకుందాం. ఆరడానికి 2 రోజులైతే కళ్ళంలో 20 టన్నులకి చోటుండాలి. ముసురుపట్టి 4 రోజులైతే 40 టన్నులకి కావాలి. మన దగ్గర అక్టోబరు నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుని చూసినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు.

ఆ మిల్లు ఖాతా పుస్తకమూ చూశాను. కరెంటు రాశారు, కూలీ రాశారు, నూనె రాశారు, గోనెసంచులు రాశారు. ఎండ రాయలేదు. ఎండకి బిల్లు రాదు కదా! మిల్లంతా ఎండ మీద నడుస్తోంది, పుస్తకంలో ఎండ లేదు. డబ్బు పెట్టి కొనని వనరు లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిది ఇరుకైనా పట్టదు, అది తప్పిపోయే రోజు కోసం ఎవరూ ఏమీ దాచరు.

4

ఇప్పుడు కొంచెం అప్రియమైన సంగతి.

1949లో అమెరికా సైన్యం తమ పరికరాల కోసం ఒక పద్ధతి రాసుకుంది. ఎఫ్ఎంఈఏ అంటారు. ఏది ఎలా చెడుతుందో జాబితా రాసి, తర్వాత వాడుకలోకి వచ్చిన తీరున ఒక్కోదానికి మూడు మార్కులు వేస్తాం. చెడితే దెబ్బ ఎంత, ఎంత తరచుగా చెడుతుంది, ముందుగా కనిపెట్టడం ఎంత కష్టం. ఒక్కోటి పదికి. మూడూ హెచ్చవేస్తే వచ్చిందే ఆ ముప్పు బరువు.

బోర్డు మీద రెండు వరసలు రాస్తాను. మార్కులు నావి, మీరు మార్చుకోవచ్చు. ముసురు: దెబ్బ 6, తరచుదనం 7, కనిపెట్టడంలో కష్టం 2, ఎందుకంటే తలెత్తితే మబ్బు కనపడుతుంది. మొత్తం 84. రెండోది, పూస తెల్లగా ఉండాలని ఎవరో ఎక్కడో మందు కలపడం: దెబ్బ 9, తరచుదనం 3, కనిపెట్టడంలో కష్టం 8. మొత్తం 216.

నవ్వకండి. సేలం వైపు ఆహార భద్రతా అధికారుల తనిఖీల్లో బ్లీచింగు మందులు, యాసిడ్లు పట్టుబడిన వార్తలు మీరూ చదివారు. ఎవరో దుర్మార్గుడు చేశాడని వదిలేస్తే ఇంజనీరు పని అక్కడితో అయిపోతుంది. కానీ పూస తెల్లగా రావాలంటే దుంప తొక్క శుభ్రంగా పోవాలి, నీళ్ళు తేటగా ఉండాలి, పాలు పులవకూడదు. తొక్క తియ్యడానికి చేతులు కావాలి. సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు చేతులు దొరకవు. దొరకనప్పుడు తెలుపు సంపాదించే అడ్డదారి సీసాలో ఉంటుంది. బేరగాడు అడిగింది తెలుపు, శుభ్రం కాదు. ఆ ఒక్క మాటలోంచే పులిసిన పాలూ, కూలీ కొరతా, మందూ, చివరికి కేసూ పుట్టుకొచ్చాయి. ఉపవాసమున్న అమ్మ నోట్లోకి పోయేది కూడా ఆ మాటే.

కొత్త సరుకు రూపొందించేటప్పుడు నేను విద్యార్థులకి పెట్టే పరీక్ష ఇదే. కొనేవాడికి ఇచ్చే ప్రతి హామీ పక్కనా, సీజను ముమ్మరంలో మనుషులు చాలనప్పుడు దాన్ని ఎలా నిలబెడతారో రాయమంటాను. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

5

ఇక ఎసరు దగ్గరికి తిరిగి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. గడియారం చూడకండి, అధ్యక్షులవారు చూస్తున్నారు.

2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపి, తెల్లబియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని పూర్తిగా నిషేధించింది. కాకినాడ రేవు సంగతి మీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు ఉప్పుడు బియ్యానికి నిషేధం లేదు. ఆగస్టు 25న దాని మీద 20 శాతం సుంకం పడింది, అయినా దారి మూతపడలేదు. తెల్లబియ్యం నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా సాగింది.

వడ్లు అవే, చేలు అవే, రేవు అదే. నానబెట్టి ఆవిరి పట్టిన బియ్యానికి ఓడ ఉంది, పట్టని బియ్యానికి లేదు. బాయిలరూ నానబెట్టే తొట్లూ ఉన్న మిల్లు చేతిలో రెండో దారి ఉంది. అదీ సరుకు ఇంకా వడ్ల కుప్పగా ఉన్నప్పుడే. మరపట్టి తెల్లబియ్యం చేసి గోడౌన్లో పెట్టుకున్నవాడికి అది కూడా లేదు. గెజెట్ కాగితం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏ దశలో సరుకుని ఆపుకుంటే రెండు వైపులా తలుపు తెరిచి ఉంటుందో మాత్రం ముందే చెప్పగలం.

దీనికి మా వాళ్ళు పోస్ట్‌పోన్‌మెంట్ అని పేరుపెట్టారు. 1990ల మొదట్లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ప్రింటర్లని యూరప్‌కి పంపేటప్పుడు దేశానికొక రకం కరెంటు సరంజామా ఫ్యాక్టరీలోనే బిగించడం మానేసి, అక్కడి గోడౌన్లో బిగించేలా డిజైను మార్చింది. బిజినెస్ స్కూళ్ళలో ఇప్పటికీ ఆ కథే చెబుతారు. ఆత్రేయపురం వెళ్ళినవాడికి అంత దూరం పోనక్కర్లేదు. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన పూతరేకుల పని చూడండి. కాగే కుండ మీద పిండితో తడిపిన గుడ్డ లాగి రేకు తీసే ఆడవాళ్ళు వేరు, చుట్టే దుకాణం వేరు. పొడి రేకు నిలవుంటుంది. నెయ్యి పడిందంటే నిల్వ రోజుల లెక్క మొదలైనట్టే. బెల్లమా, పంచదారా, జీడిపప్పా అన్నది బేరం వచ్చాక తేలుతుంది. ఉప్మా పెసరట్టులో ఉప్మా ఎప్పుడు పెడతారో మీకు తెలుసు కదా, అదీ ఇదే.

సగ్గుబియ్యం మిల్లులో అలాంటి కూడలి తొట్టి అడుగున ఉంది. తేరిన పిండి అక్కడింకా ఏమీ కాలేదు. పూస కావచ్చు. ఆరబెట్టి పొడి చేస్తే బట్టల మిల్లుల గంజి కావచ్చు, కాగితానికో జిగురుకో పోవచ్చు. మన మిల్లుల్లో చాలావాటికి ఆ రెండో దారి లేదు. ఉంటే బాగుండునని ఊరికే చెప్పడం లేదు, ఖర్చుతో కూడిన పని అది. ఎండ లేకుండా ఆరబెట్టే యంత్రం కావాలి, మొక్కజొన్న పిండి ధరతో పోటీపడాలి. కొన్ని ఏళ్ళు ఆ యంత్రం మూలన పడుండి వడ్డీ తింటుంది. ఆ వడ్డీని నేను నష్టం కింద రాయను. మన పెళ్ళి వంటాయన కట్టెలూ నీళ్ళూ ఏ పద్దు కింద రాస్తాడో ఆ పద్దు కింద రాస్తాను.

6

చివరిది చిన్నదే, కానీ రైతులు వినాలి.

కర్రపెండలానికి విత్తనం చల్లం, కర్రముక్క నాటతాం. మొజాయిక్ తెగులు తెల్లదోమ వల్లా వస్తుంది, తెగులున్న చేలోంచి తెచ్చిన ముక్కతోనూ వస్తుంది. పక్కచేలో కర్ర అడిగి తెచ్చుకునే మంచి అలవాటే ముప్పుకి బండి అయింది. దుంప పంటల మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం మన పెద్దాపురంలోనే ఉంది. రేపు వాళ్ళో ఇంకెవరో తెగులు తట్టుకునే రకం చేతికిచ్చారనుకోండి. ఒక మొక్క కర్రతో మామూలుగా పది మొక్కలు నాటగలం. ఒక ఎకరం మొదటి ఏడు పది, రెండో ఏడు నూరు, మూడో ఏడు వెయ్యి. కొత్త రకం కనిపెట్టడం ఒక ఎత్తు, కర్ర పెంచి చేలకి అందించడం ఇంకో ఎత్తు. తెగులు మూడేళ్ళు ఆగదు. అందుకని ఆరోగ్యమైన కర్ర పెంచే చేను, పంట బాగున్న ఏడాదే ఉండాలి.

అలాంటి ముందుజాగ్రత్త మిల్లులకీ కావాలి. 1997 ఫిబ్రవరి 1న జపానులో ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి కాలిపోయింది. టొయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపుగా అక్కడే తయారయ్యేది. టొయోటా ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. వాల్వు నమూనా గీతలు చేతికందగానే చుట్టుపక్కల చిన్నా పెద్దా వర్కుషాపులు తమకున్న మెషీన్ల మీదే చేసి ఇస్తే, కొద్ది రోజుల్లో కార్లు మళ్ళీ కదిలాయి. ఆ కథ విన్నప్పుడల్లా నాకు మన మిల్లులు గుర్తొస్తాయి. ఒక మిల్లు తొట్టి పగిలితే గేటు ముందున్న ట్రాక్టరు దుంపని పక్క మిల్లు తీసుకుంటుందా? ఏ ధరకి, ఎవరి కాటా మీద? దుంప నల్లబడేలోగా తేలాల్సిన మాట అది. సీజను మొదలుకాక ముందే రాసుకుంటే అరపేజీ కాగితం.

నేను కోరేది ఒక్కటే. ఈ సీజనుకి నలుగురు విద్యార్థులనీ రెండు గడియారాలనీ ఇవ్వండి, మిల్లొకటి తలుపు తియ్యండి. చేలో గునపం దిగిన గంట నుంచి బస్తా మూతి కుట్టే గంట దాకా గుర్తులు గీస్తాం. పేరు బయటికి చెప్పం. ఎండకి ఒక పద్దు మాత్రం రాయించి వస్తాం. ఒప్పుకునే యజమాని ఎవరైనా ఉంటే సభ అయ్యాక కనపడండి, నేను టీ బల్ల దగ్గరే ఉంటాను. వెనక వరసలో తల దించుకున్న పెద్దమనిషీ, పెద్ద రోలరు మీది కాదు లెండి, రండి.